సన్నని మణికట్టుకు తగిన చేతిగడియారము

ఖరీదైన చేతిగడియారమును కొనదలచినవారు మొదట అడుగు ప్రశ్న "ఇది ఎన్ని మిల్లీమీటర్లు?" అనునది. దుకాణదారు ఇచ్చు సమాధానము ఒకే సంఖ్య: 36, లేక 40, లేక 42. ఆ సంఖ్య గడియారపు యంత్రమును కప్పియుండు లోహపు పెట్టె, అనగా కేసు, యొక్క వ్యాసము. వ్యాసము చిన్నదైన గడియారము చిన్న చేతికి, పెద్దదైన గడియారము పెద్ద చేతికి తగునని సామాన్యముగా భావింతురు.

ఈ భావన ఎంతవరకు నిజమో రెండు గడియారములను పోల్చి చూడవచ్చును. జర్మనీలోని గ్లాస్‌హ్యూటె పట్టణమున తయారగు నోమోస్ టాంజెంటె అను గడియారపు వ్యాసము 35 మి.మీ. స్విట్జర్లాండున తయారగు రోలెక్స్ ఎక్స్‌ప్లోరరు వ్యాసము 36 మి.మీ. సంఖ్యను బట్టి మొదటిదే చిన్నది. కాని పట్టీ తగిలించు కొసలతో సహా ఒక చివరనుండి మరియొక చివరకు కొలిచినచో మొదటిది సుమారు 45 మి.మీ., రెండవది సుమారు 43 మి.మీ. ఉండును. చేతిపై ఎక్కువ చోటు ఆక్రమించునది "చిన్న" గడియారమే!

ఇట్టి గడియారముల వెల ఒక ఉద్యోగి కొన్ని నెలల జీతమునకు, ఒక్కొక్కప్పుడు కొన్ని సంవత్సరముల జీతమునకు సమానము. సరిగా కాపాడిన యాంత్రిక గడియారము తండ్రి తరువాత కొడుకు ధరింపదగినంత కాలము నడచును. పట్టీ నచ్చనిచో మార్చవచ్చును. డయలుపై గీతలు పడిన అద్దమును మార్చవచ్చును. కేసు పరిమాణమును మాత్రము మార్చుటకు వీలులేదు. కావున కొనుటకు ముందే సరియైన కొలతలు తెలిసికొనుట మేలు. అందుకు కావలసిన పరికరములు ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఉన్నవే. కావలసిన గణితము కూడ అచ్చట నేర్పునదే.

మణికట్టు నిర్మాణము

ముంజేతిలో రెండు పొడవైన ఎముకలు కలవు. బొటనవ్రేలి వైపున ఉన్నది రత్ని, చిటికెనవ్రేలి వైపున ఉన్నది అరత్ని. మోచేతి దగ్గర ఈ ఎముకలను దట్టమైన కండరములు కప్పియుండును. మణికట్టును సమీపించుకొలది ఆ కండరములు సన్నని స్నాయువులుగా మారును. అందుచేత మణికట్టు లావు ముఖ్యముగా ఎముకల వెడల్పుపై ఆధారపడును. వ్యాయామము వలన భుజము, ముంజేయి బలియవచ్చునుగాని మణికట్టు అంతగా మారదు. సన్నని మణికట్టు బలహీనతకు గుర్తు కాదు. అది ఎముకల నిర్మాణము మాత్రమే. స్త్రీలలోను పురుషులలోను ఇట్టి నిర్మాణము కలవారు ఎందరో ఉన్నారు.

సామాన్యముగా చుట్టుకొలత 16 సెం.మీ. లోపుగా ఉన్న మణికట్టును సన్ననిదిగా పరిగణింతురు. ఐతే చుట్టుకొలత ఒక్కటియే చాలదు. ఒకే పొడవు గల దారముతో వృత్తమును చేయవచ్చును, అండాకారమును చేయవచ్చును. మణికట్టులును అట్లే కొన్ని గుండ్రముగాను, కొన్ని బల్లపరుపుగాను ఉండును.

ఉదాహరణకు ఇద్దరి మణికట్టులును 155 మి.మీ. చుట్టుకొలత గలవని అనుకొందము. మొదటివాని మణికట్టు అడ్డుకోత పూర్తిగా వృత్తమైనచో దాని వ్యాసము 155ను 3.14 చే భాగింపగా వచ్చిన 49 మి.మీ. రెండవవాని మణికట్టు దీర్ఘవృత్తమై, వెడల్పు మందమునకు 1.4 రెట్లున్నచో, లెక్క ప్రకారము వెడల్పు 57 మి.మీ., మందము 41 మి.మీ. అగును. టేపుతో కొలిచినచో ఇద్దరిదియు ఒకటే కొలత. గడియారమును పెట్టుటకు దొరకు చోటులో మాత్రము 8 మి.మీ. భేదము కలదు. గడియారముల విషయములో 8 మి.మీ. అనగా పిల్లల గడియారమునకు, పెద్దల గడియారమునకు గల తేడా!

ఈ భేదమును ఒక్క సంఖ్యలో చెప్పుటకు వీలున్నది. మణికట్టు వెడల్పును చుట్టుకొలతచే భాగించిన చాలును. పూర్తి వృత్తమునకు ఈ భాగఫలము 0.32; పైన చెప్పిన దీర్ఘవృత్తమునకు 0.37. ఫలము 0.32ను సమీపించినచో మణికట్టు గుండ్రనిది, 0.37 గాని అంతకుమించి గాని ఉన్నచో బల్లపరుపైనది. చుట్టుకొలత సమానమైనపుడు, బల్లపరుపు మణికట్టు గలవారు కొంచెము పెద్ద గడియారమును కూడ సుఖముగా ధరింపగలరు.

గడియారపు కొలతలు

చేతిగడియారమునకు ముఖ్యముగా నాలుగు కొలతలు కలవు. మొదటిది వ్యాసము. రెండవది నిడివి. పట్టీని తగిలించుటకు కేసునుండి పైకి రెండు, క్రిందికి రెండు కాళ్లు పొడుచుకొని వచ్చును. వీనిని లగ్గులు అందురు. రూపమును బట్టి కొమ్ములు అనుట సులభము. ఫ్రెంచివారు వీనికి పెట్టిన పేరునకు అర్థము కూడ కొమ్ములనియే. పై కొమ్ము కొసనుండి క్రింది కొమ్ము కొస వరకు గల దూరమే నిడివి. మూడవది మందము, అనగా వెనుక మూత నుండి అద్దము పైభాగము వరకు గల ఎత్తు. నాలుగవది కొమ్ముల నడుమ పట్టీ వెడల్పు.

గడియారమును చేతికి కట్టుకొని, 12 అంకెను 6 అంకెతో కలుపు రేఖ ఏ దిశలో ఉన్నదో గమనింపవలెను. అది మణికట్టు వెడల్పు వెంబడి పోవుచున్నది. 3ను 9తో కలుపు రేఖ చేయి పొడవు వెంబడి పోవుచున్నది. చేయి పొడవు వెంబడి చోటుకు కొదువ లేదు. మోచేతి వరకు ఉన్నది. చోటు తక్కువగా ఉన్నది మణికట్టు వెడల్పు దిశలోనే. ఆ దిశలో గడియారము ఆక్రమించు దూరము వ్యాసము కాదు. కొమ్ములతో కూడిన నిడివి. కావుననే సన్నని మణికట్టుకు నిర్ణాయకమైన కొలత నిడివి. దుకాణపు చీటీలపై పెద్ద అక్షరములలో కనిపించు వ్యాసము రెండవ స్థానమునకు చెందినది.

ఒక వంపు తలముపై తిన్నని బద్దను పెట్టినచో నడుమ ఆనుకొనును. రెండు కొసలు గాలిలో నిలుచును. బద్ద పొడవు పెరిగినకొలది కొసల క్రింద ఖాళీ పెరుగును. పెరుగుదల సమానముగా ఉండదు. పైన చెప్పిన 57 మి.మీ. వెడల్పు గల దీర్ఘవృత్తమునే తీసికొందము. బద్ద నిడివి ఆ వెడల్పులో 80 శాతము, అనగా 46 మి.మీ., ఉన్నపుడు కొసల క్రింద తలము మణికట్టు సగము మందములో 40 శాతము, అనగా 8 మి.మీ., దిగిపోయి ఉండును. 3, 4, 5 భుజములు గల లంబకోణ త్రిభుజము తెలిసిన విద్యార్థి ఈ ఫలితమును కాగితముపై సులభముగా రాబట్టగలడు: 0.8 వర్గమును 1 నుండి తీసివేయగా 0.36; దాని వర్గమూలము 0.6, మిగిలినది 0.4. నిడివి 95 శాతము, అనగా 54 మి.మీ., ఐనచో దిగుడు 69 శాతము, అనగా 14 మి.మీ. అగును. నిడివి 8 మి.మీ. పెరిగినందుకు ఖాళీ 6 మి.మీ. పెరిగినది. ఆ స్థితిలో కొమ్ములు చేతి అంచులపైకి పొడుచుకొని వచ్చును. పట్టీ అచ్చటనుండి నిలువుగా క్రిందికి దిగవలసి వచ్చును. చూచువానికి గడియారము చేతిపై కట్టినట్లు గాక బల్లపై పెట్టినట్లు కనబడును.

నిజమైన మణికట్టు పైభాగము దీర్ఘవృత్తము కన్న కొంచెము చదునుగా ఉండును. కొమ్ములును సామాన్యముగా క్రిందికి వంగి ఉండును. కావున నిజమైన ఖాళీలు పై లెక్కకన్న తక్కువే. ఐనను సూత్రము మారదు. నిడివి మణికట్టు వెడల్పులో 80 మొదలు 85 శాతము మించకుండుట మంచిది. 57 మి.మీ. వెడల్పునకు ఇది 46 మొదలు 48 మి.మీ.; 49 మి.మీ. వెడల్పునకు 39 మొదలు 42 మి.మీ. ఒకే చుట్టుకొలత గల ఇద్దరికి వేరువేరు గడియారములు తగుటకు ఇదే కారణము.

లోహపు చైను గల కొన్ని గడియారములలో మరియొక చిక్కు కలదు. చైను కేసుతో ఏకముగా అమర్చబడి, మొదటి లంకె క్రిందికి స్వేచ్ఛగా వంగనిచో, ఆ లంకె కూడ నిడివిలో భాగమైపోవును. అట్టి గడియారములను కాగితముపై చూచి నిర్ణయింపరాదు. మొదటి లంకె ఏ కోణము వరకు వంగునో చేతితో వంచి చూడవలెను.

మందము, బరువు

గడియారపు మందము ఊరక పెరగదు. దానంతటది కీ ఇచ్చుకొను యంత్రములో లోలకమువలె తిరుగు బరువైన పలక ఒకటి యంత్రముపైన ఉండును. తేదీ చూపు చక్రములు, కాలవ్యవధిని కొలుచు క్రోనోగ్రాఫు భాగములు ఒకదానిపై ఒకటి పేర్చబడును. లోతు నీటి ఒత్తిడికి తట్టుకొనవలెనన్నచో అద్దము, వెనుక మూత దళసరిగా ఉండవలెను. 2008లో రోలెక్స్ కంపెనీ విడుదల చేసిన డీప్‌సీ అను గడియారము 3,900 మీటర్ల లోతునకు ఉద్దేశింపబడినది. దాని వ్యాసము 44 మి.మీ., మందము సుమారు 17.7 మి.మీ. సముద్రగర్భమునకు దిగువానికి ఆ మందము అవసరము. చొక్కా చేతి అంచు క్రింద గడియారము ధరించువానికి అవసరము లేదు.

దీనికి భిన్నమైన సంప్రదాయము కూడ కలదు. పియాజే కంపెనీ 1957లో రూపొందించిన 9పి అను యంత్రము మందము 2 మి.మీ. మాత్రమే. హోసూరులో గడియారములు తయారు చేయు టైటాన్ సంస్థ 2002లో విడుదల చేసిన ఎడ్జ్ అను క్వార్ట్జు గడియారము మొత్తము మందము 3.5 మి.మీ. పలుచని గడియారము చేయుట లావు గడియారము చేయుట కన్న కష్టము. భాగముల నడుమ ఎడము తగ్గినకొలది పనితనము హెచ్చుగా కావలెను.

సన్నని మణికట్టుపై మందము ఎందుకు బాధించునో భ్రామకము అను భావన వలన తెలియును. గడియారము చేతి ప్రక్కకు ఒరిగినపుడు దానిని దొర్లించు భ్రామకము, బరువును గురుత్వకేంద్రపు ఎత్తుచే గుణింపగా వచ్చును. వ్యాసము మారక మందము మాత్రము 9 నుండి 13 మి.మీ.కు పెరిగినచో, బరువు ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరుగును. గురుత్వకేంద్రపు ఎత్తు కూడ అట్లే పెరుగును. రెండింటి లబ్ధము 13ను 9చే భాగించిన ఫలము యొక్క వర్గము, అనగా రెండు రెట్లకు పైమాట. నాలుగు మిల్లీమీటర్లు అల్పముగా కనిపించినను, దొర్లుడు రెట్టింపైనది. గుండ్రని, సన్నని మణికట్టుపై దానిని ఆపు చదునైన ఆధారము తక్కువ. అందుచేత గడియారము మాటిమాటికి ప్రక్కకు జారును. జారకుండుటకు పట్టీని బిగించినచో చర్మముపై ఒత్తుడు గుర్తులు పడును.

లోహమును బట్టి కూడ భేదము కలదు. ఘన సెంటీమీటరునకు టైటానియము 4.5 గ్రాములు, ఉక్కు సుమారు 8 గ్రాములు, 18 కారెట్ల బంగారము సుమారు 15.5 గ్రాములు, ప్లాటినము 21 గ్రాములకు పైగా తూగును. ఒకే ఆకారమున చేసిన బంగారు కేసు ఉక్కు కేసునకు దాదాపు రెట్టింపు బరువుండును. ఖరీదు పెరిగినకొలది సుఖము పెరుగునని అనుకొనరాదు. సన్నని చేతికి బంగారు గడియారము కావలెనన్నచో పలుచని దానిని, తోలు పట్టీ గలదానిని ఎన్నుకొనుట ఉచితము.

కంటి పొరపాటు

గడియారము చేతికి సరిపోయినదా లేదా అనుట సగము స్పర్శకు, సగము దృష్టికి సంబంధించినది. దృష్టి నేరుగా వ్యాసమును గుర్తింపదు, వైశాల్యమును గుర్తించును. వ్యాసము 36 నుండి 40 మి.మీ.కు పెరుగుట 11 శాతము మాత్రమే. వైశాల్యము వర్గముగా పెరుగును గనుక అది 23 శాతము. దుకాణములో 40 మి.మీ. గడియారము ఊహించినదానికన్న పెద్దదిగా కనిపించుటకు ఇది ఒక కారణము.

బెల్జియము శాస్త్రవేత్త డెల్బెఫ్ 1865లో ఒక దృష్టి భ్రమను వర్ణించెను. సమానమైన రెండు బిళ్లలలో ఒకదాని చుట్టు దగ్గరగా చిన్న వలయమును, రెండవదాని చుట్టు దూరముగా పెద్ద వలయమును గీచినచో, మొదటి బిళ్ల పెద్దదిగాను, రెండవది చిన్నదిగాను కనబడును. చేతిగడియారములో డయలు ఒక బిళ్ల. దాని చుట్టునుండు లోహపు అంచు, అనగా బెజెలు, ఒక వలయము. అంచు సన్ననైనచో డయలు పెద్దదిగా తోచును. అంచు వెడల్పైనచో అదే వ్యాసము గల గడియారము చిన్నదిగా తోచును. సముద్రపు ఈతగాండ్ర గడియారములు 40 మి.మీ. ఉన్నను, సన్నని అంచు గల 38 మి.మీ. గడియారముకన్న చిన్నవిగా కనిపించుటకు ఇది హేతువు. తెల్లని వస్తువు అదే కొలత గల నల్లని వస్తువుకన్న పెద్దదిగా కనిపించుట కూడ తెలిసిన భ్రమయే. కావున కొంచెము పెద్దదేమోనని సందేహము గలిగిన చోట నల్లని డయలు, వెడల్పైన అంచు సహాయపడును.

దీర్ఘచతురస్రపు గడియారముల విషయములో సంఖ్యలను మరింత జాగ్రత్తగా చదువవలెను. లూయి కార్టియే 1917లో రూపకల్పన చేసిన టాంక్ అను గడియారము ఈ జాతిలో ప్రసిద్ధము. నేటి టాంక్ లూయి కార్టియే పెద్ద నమూనా పొడవు 33.7, వెడల్పు 25.5 మి.మీ. దీని కొమ్ములు కేసు ప్రక్కల కమ్మీలలోనే ఇమిడియుండును గనుక నిడివి 33.7 మి.మీ. మించదు. ఎంత సన్నని చేతికైనను ఇది అమరును.

జేగర్-లెకూల్ట్రు కంపెనీవారి రివర్సో అను గడియారము పుట్టుకకు భారతదేశముతో సంబంధము కలదు. ఇచ్చట పోలో ఆడు బ్రిటిషు సైనికాధికారుల గడియారముల అద్దములు ఆటలో పగిలిపోవుచుండుటచే, కేసును వెనుకకు త్రిప్పి అద్దమును దాచు ఏర్పాటుతో 1931లో దీనిని నిర్మించిరి. నేటి నమూనాలలో ఒకటి 45.6 మి.మీ. పొడవు, 27.4 మి.మీ. వెడల్పు గలది. 27.4 అను సంఖ్యను చూచి ఇది చాల చిన్నదని అనుకొనవచ్చును. కాని ఈ రెండింటిని గుణించినచో వచ్చు వైశాల్యము 40 మి.మీ. వృత్తపు వైశాల్యమునకు దాదాపు సమానము, నిడివి 45.6 మి.మీ. ఇక్కడ కూడ చేతి వెడల్పును దాటునది వెడల్పు సంఖ్య కాదు, పొడవు సంఖ్యయే.

ఈ కాలమున అనేకులు చేతికి గడియారము పెట్టుకొని ఫోనుతో ఫోటో తీసి చూచెదరు. ఇది తప్పుదారి పట్టించును. గడియారపు ముఖము మణికట్టు వెడల్పైన భాగముకన్న సుమారు 3 సెం.మీ. ఎత్తున, అనగా కెమెరాకు అంత దగ్గరగా ఉండును. కెమెరా 20 సెం.మీ. దూరమున ఉన్నచో, గడియారము 20 సెం.మీ.లలో, చేయి 23 సెం.మీ.లలో ఉన్నట్లు. చేతితో పోల్చగా గడియారము 15 శాతము పెద్దదిగా ఫోటోలో పడును. అదే దూరము 2 మీటర్లైనచో తేడా 1.5 శాతము మాత్రమే. ఇతరులు చూచునది ఆ దూరమునుండియే. కావున ఫోటోకు బదులు నిలువుటద్దము ముందు ఒక మీటరు దూరమున నిలిచి చూడవలెను.

పరిమాణములు మారిన తీరు

గడియారపు పరిమాణమును తొలుత నిర్ణయించినది యంత్రము. స్విస్ పనివారు యంత్రముల వ్యాసమును లీన్యు అను పాత ఫ్రెంచి ప్రమాణముతో కొలుతురు. ఒక లీన్యు 2.256 మి.మీ. నేడు విరివిగా వాడుకలోనున్న 11½ లీన్యుల యంత్రము దాదాపు 26 మి.మీ.; పూర్వము జేబు గడియారములకై తయారైన 16½ లీన్యుల యంత్రము దాదాపు 37 మి.మీ. యంత్రముకన్న చిన్న కేసు అసాధ్యము. పెద్ద కేసు మాత్రము సాధ్యమే. 26 మి.మీ. యంత్రమును 36లోను, 42లోను పెట్టవచ్చును. ఆ రెంటి నడుమ నిర్ణయించునది ఎక్కువగా అభిరుచియే.

ఆ అభిరుచి ఎట్లు మారినదో కొన్ని ఉదాహరణముల వలన తెలియును. పటేక్ ఫిలిప్ కంపెనీ 1932లో విడుదల చేసిన కలాట్రావా పురుషుల గడియారము వ్యాసము దాదాపు 31 మి.మీ. 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. గడియారముల తయారీ ఆరంభమైనది. తెలుగువారి ఇండ్లలో తాతలు, తండ్రులు ధరించిన జనతా గడియారములు 35 మి.మీ. దరిదాపు కొలత గలవే. 1972లో ఓడెమార్ పిగే కంపెనీ రాయల్ ఓక్ అను 39 మి.మీ. గడియారమును తెచ్చినపుడు, అది అసాధారణముగా పెద్దదని దానికి "జంబో" అను పేరు వచ్చినది. ఈ శతాబ్ది తొలి దశకములో 42, 44 మి.మీ. గడియారములు సామాన్యమైనవి, ఒకప్పటి జంబో మధ్యరకముగా మారినది.

తరువాత గాలి మరల తిరిగినది. ఎక్స్‌ప్లోరరును 36 మి.మీ. నుండి 2010లో 39కి పెంచిన రోలెక్స్ కంపెనీ, 2021లో తిరిగి 36కు తగ్గించి, 2023లో 40 మి.మీ. నమూనాను దాని ప్రక్కన చేర్చినది. ట్యూడర్ కంపెనీ బ్లాక్ బే గడియారము 2012లో 41 మి.మీ.; 2018లో 39, 2023లో 37 మి.మీ. నమూనాలు వచ్చినవి. "పురుషులది", "స్త్రీలది" అను చీటీలును ఈ గాలితోపాటు మారునవే. 34, 36 మి.మీ. గడియారములను ఇరువురును ధరించుచున్నారు. తొంబది సంవత్సరములలో గడియారముల కొలతలు పెరిగి తరిగినవి. మనుష్యుల మణికట్టు ఎముకలు మారలేదు. నాటి వాడుకను బట్టి కొన్న గడియారము రేపటికి వింతగా తోచవచ్చును. చేతి కొలతను బట్టి కొన్నది ఎన్నటికిని అమరును.

పట్టీ, బిగింపు

కేసు సరిపోయినను పట్టీ సరిపోనిచో సుఖముండదు. తోలు పట్టీలు సామాన్యముగా 115, 75 మి.మీ. పొడవు గల రెండు ముక్కలుగా వచ్చును. సన్నని చేతికి ఇవి పొడవై, కొస తిరిగి మరియొక ప్రక్కకు వ్రేలాడును. 105, 65 మి.మీ. వంటి పొట్టి పట్టీలు దొరకును. గడియారముతో పాటే అడిగి తీసికొనవలెను. లోహపు చైనులో లంకెలు తీసివేయవచ్చును. కాని మడత బిగింపు గట్టి లోహపు రేకు, అది వంగదు. సన్నని మణికట్టు అడుగున పొడవైన మడత బిగింపు తిన్నగా నిలిచి, వ్రాయునపుడు బల్లకు తగులును. కేసు నిడివిని కొలిచినట్లే దీని పొడవును కూడ కొలువవలెను. లంకెలను రెండు ప్రక్కల సమానముగా తీయించి బిగింపును మణికట్టు అడుగున నడిమికి తెచ్చినచో గడియారము పైన నడుమ నిలుచును.

బిగువు విషయములో ఒక చక్కని లెక్క కలదు. పట్టీ రంధ్రముల నడుమ దూరము సుమారు 6 మి.మీ. ఒక రంధ్రము వదలు చేసినచో చుట్టు ఎంత ఎడము వచ్చును? 6ను 6.28 చే భాగింపగా ఇంచుమించు 1 మి.మీ. మణికట్టు సన్నదైనను లావైనను ఈ ఫలము ఒకటే. వేసవిలో చర్మపు రక్తనాళములు వ్యాకోచించుట వలన చేయి కొంచెము ఉబ్బును. ఉదయము సరిపోయిన పట్టీ మధ్యాహ్నము బిగువగును. అందుచేత దుకాణములోని చల్లని గాలిలో కొలత చూచుకొనినవారు ఒక రంధ్రము వెసులుబాటు ఉంచుకొనవలెను. తీరప్రాంతపు వేసవి ఉక్కలో ఇది మరింత అవసరము.

కొలిచెడు విధానము

కొనుటకు ముందు చేయవలసిన పని అరగంటలో ముగియును. సన్నని కాగితపు పట్టీని అరత్ని గుబ్బకు మోచేతి వైపున, గడియారము కట్టు చోటనే చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి, స్కేలుపై చుట్టుకొలత చూడవలెను. పిమ్మట చేతిని బల్లపై బోర్లించి, రెండు అట్ట పుస్తకములను ఇరుప్రక్కల నిలువుగా ఆనించి, వాని నడుమ దూరమును కొలువవలెను. అదే మణికట్టు వెడల్పు. వెర్నియరు కాలిపర్సు ఉన్నచో దవడలను చర్మముపై ఒత్తక చదువవలెను. మూడు సారులు కొలిచి సగటు తీయుట మంచిది. వెడల్పును 0.8 చేతను, 0.85 చేతను గుణించినచో తగిన నిడివికి హద్దులు లభించును.

ఇక కొనదలచిన గడియారపు వ్యాసమునకు సమానమైన బిళ్లను దళసరి అట్టతో కత్తిరించి, నిడివికి సరిపోవునట్లు కొమ్ములను విడువవలెను. దీనిని మందమునకు తగినన్ని పొరలుగా అంటించి, దారముతో చేతికి కట్టి అద్దములో చూడవలెను. కొమ్ములు చేతి అంచులను దాటరాదు. మణికట్టును వెనుకకు వంచినపుడు 3 అంకె దగ్గరి కీ బొడిపె చేతి వెనుకభాగమును పొడువరాదు. చొక్కా చేయి సులభముగా దానిని కప్పవలెను. ఈ మూడు పరీక్షలలో నెగ్గిన కొలతలు గల గడియారమును మాత్రమే దుకాణములో చేతికి పెట్టుకొని చూచుట మేలు. అచ్చటి మెరుపులో, అమ్మకందారు మాటలలో ముందుగా నిర్ణయించిన కొలత మాత్రమే నిలకడగా ఉండును. నిడివిని చీటీపై వ్రాయనిచో స్కేలు పెట్టి కొలువనిమ్మని అడుగుటకు సంకోచింపరాదు.

ఉపాధ్యాయులు ఇదే పనిని తరగతిలో ఒక ప్రయోగముగా చేయింపవచ్చును. ప్రతి విద్యార్థి తన మణికట్టు చుట్టుకొలతను, వెడల్పును కొలిచి, రెంటి నిష్పత్తిని పట్టికలో వ్రాయవలెను. ఆ బిందువులను గ్రాఫు కాగితముపై గుర్తించినచో అవి ఒకే సరళరేఖపై పడక చెదరియుండుట కనబడును. ఒకే చుట్టుకొలత గలవారికి వేరువేరు వెడల్పులుండుటయే ఈ చెదురుటకు మూలము. ఒక్క సంఖ్యతో ఒక వస్తువును పూర్తిగా వర్ణింపలేమను సంగతి అప్పుడు పిల్లలకు పుస్తకము చెప్పకుండనే బోధపడును.

చీటీపై వ్రాసిన సంఖ్య అబద్ధము కాదు. అది వేరొక ప్రశ్నకు సమాధానము. గడియారము ఎంత పెద్దదని అది చెప్పును. ఈ చేతికి తగునా అను ప్రశ్నకు సమాధానము గడియారపు నిడివిని మణికట్టు వెడల్పుతో పోల్చినప్పుడే దొరకును. కొలుచుటకు ముందు ఏమి కొలువవలెనో తెలిసికొనుట శాస్త్ర పద్ధతిలో మొదటి మెట్టు. సన్నని మణికట్టు గలవారు ఆ మెట్టు ఎక్కినచో, చేతికి ఒదిగి తరతరములకు నిలుచు గడియారము వారికి తప్పక లభించును.